ఫ్రీబీఎస్‌డీ బూట్ ఎన్విరాన్‌మెంట్ల మధ్య డేటా డైరెక్టరీలను ఉమ్మడిగా ఉంచుకోవడం ఎలా?

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ను జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద నడిపేవారికి బూట్ ఎన్విరాన్‌మెంట్ (విడిగా బూట్ చేయగల సిస్టమ్ నకలు) గొప్ప అండ. అప్‌గ్రేడ్‌కు ముందు సిస్టమ్‌కు ఒక క్లోన్ తీసి పెట్టుకుంటే, కొత్త కెర్నల్ గానీ కొత్త ప్యాకేజీలు గానీ మొరాయించినప్పుడు బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని కొద్ది నిమిషాల్లో మునుపటి స్థితికి చేరుకోవచ్చు. అయితే అలా వెనక్కి వెళ్లేటప్పుడు ఏవేవి వెనక్కి వెళ్లాలో ముందే తేల్చుకోకపోతే, ప్రోగ్రాములతో పాటు ఈ మధ్యలో డేటాబేస్‌లో చేరిన నమోదులు, పంపవలసిన ఉత్తరాల వరుస కూడా కనిపించకుండా పోతాయి. అవి చెరిగిపోవు, మీరు వదిలి వచ్చిన ఎన్విరాన్‌మెంట్‌లోనే ఉండిపోతాయి. కానీ నడుస్తున్న సిస్టమ్‌కు అవి లేనట్టే.

ఏ డైరెక్టరీలను అన్ని ఎన్విరాన్‌మెంట్లకూ ఉమ్మడిగా ఉంచాలో, వేటిని ఎట్టి పరిస్థితిలోనూ అలా ఉంచకూడదో, ఉంచదలచిన వాటిని నడుస్తున్న యంత్రంలో ఎలా తరలించాలో ఇక్కడ వివరిస్తాను. జెడ్‌ఎఫ్‌ఎస్ నిర్వహించే డిస్కు స్థలం మొత్తాన్నీ పూల్ అంటారు; దానికి ఇన్‌స్టాలర్ ఇచ్చే జెడ్‌రూట్ అనే పేరునే ఉదాహరణల్లో వాడాను. ఆదేశాలు, డైరెక్టరీల పేర్లు పలికే తీరులో తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

ముందుగా హద్దు ఎక్కడుందో చూడండి

పూల్‌లో జెడ్‌రూట్/రూట్ అనే డేటాసెట్ (పూల్‌లో విడిగా మౌంట్ చేయగల ఫైల్ సిస్టమ్) ఒకటి ఉంటుంది. దాని కింద ఉన్న ప్రతి డేటాసెట్టూ ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్. మొదటిదానికి ఇన్‌స్టాలర్ డిఫాల్ట్ అని పేరు పెడుతుంది. ఆ కొమ్మ కింద ఉన్నది ఎన్విరాన్‌మెంట్‌కు సొంతం, దాని బయట ఉన్నది అందరికీ ఉమ్మడి. ఈ విషయమంతా నిలబడింది ఈ ఒక్క నియమం మీదే. పంచుకోవడానికి వేరే సెట్టింగు ఏదీ లేదు. డేటాసెట్ ఎక్కడ ఉందన్నదే నిర్ణయిస్తుంది.

మీ పూల్ అమరికను చూడటానికి ఈ ఆదేశం ఇవ్వండి:

జెడ్‌ఎఫ్‌ఎస్ లిస్ట్ -ఆర్ -ఓ నేమ్,కాన్‌మౌంట్,మౌంటెడ్,మౌంట్‌పాయింట్ జెడ్‌రూట్

2014లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 10.0 నుంచి ఇన్‌స్టాలర్ రూట్‌ను జెడ్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టేటప్పుడు బూట్ ఎన్విరాన్‌మెంట్లకు అనువైన అమరికనే ఇస్తోంది. వాటిని నిర్వహించే బీఈసీటీఎల్ అనే ఆదేశం 2018లో 12.0తో పాటు మూల వ్యవస్థలో చేరింది. ఆదేశం చూపించే పట్టికలో జెడ్‌రూట్/వార్ ఎదుట కాన్‌మౌంట్ ఆఫ్ అని ఉండటం గమనించండి. అంటే ఆ డేటాసెట్ తాను మౌంట్ కాదు, తన మౌంట్‌పాయింట్‌ను పిల్లలకు అందించడానికి మాత్రమే ఉంది. అందువల్ల /వార్ డైరెక్టరీ ఎన్విరాన్‌మెంట్‌లోనే ఉంటుంది, దాని లోపలి లాగ్, మెయిల్, ఆడిట్, క్రాష్, టీఎంపీ మాత్రం వేరు డేటాసెట్లుగా ఉమ్మడి అవుతాయి. /యూఎస్ఆర్ విషయంలోనూ ఇదే ఏర్పాటు. అక్కడ పోర్ట్స్, ఎస్‌ఆర్‌సీ బయట ఉంటాయి, /యూఎస్ఆర్/లోకల్ లోపల ఉంటుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన సోలారిస్ 11 వారు ఇదే సమస్యకు మరో దారి పట్టారు. వార్‌షేర్ అనే ఒకే డేటాసెట్‌ను /వార్/షేర్‌గా మౌంట్ చేసి, ఆడిట్, క్రాష్, మెయిల్ వంటి వాటిని అందులోకి చేర్చారు. ఎంత భాగం ఉమ్మడి అన్నది అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది; ఫ్రీబీఎస్‌డీలో దాన్ని మీరు పట్టికలో వెతికి చూసుకోవాలి.

ఏది లోపల, ఏది బయట

ముఖ్యమైన డేటా ఏది అని అడిగితే ఈ ప్రశ్న తేలదు, ఎందుకంటే అంతా ముఖ్యమైనదే. ప్రతి డైరెక్టరీ విషయంలోనూ అడగవలసింది ఇది: నేను పాత ఎన్విరాన్‌మెంట్‌కు వెళ్తే, ఇందులోని డేటా కూడా ప్రోగ్రాములతో పాటు వెనక్కి వెళ్లాలా, లేక వెళ్లకూడదా?

ప్యాకేజీల డేటాబేస్ ఉన్న /వార్/డీబీ/పీకేజీ తప్పనిసరిగా వెనక్కి వెళ్లాలి. /యూఎస్ఆర్/లోకల్‌లో ఏ ఫైలు ఏ ప్యాకేజీది, ఏ వెర్షన్‌ది అన్న లెక్క అందులోనే ఉంటుంది. ఈ రెంటిలో ఒకటి ఉమ్మడిగా, మరొకటి సొంతంగా ఉంటే, వెనక్కి వెళ్లిన మరుక్షణమే డిస్కు మీద ఉన్నదానికీ పుస్తకంలో రాసినదానికీ పొంతన పోతుంది. ఇక /యూఎస్ఆర్/లోకల్ చాలా స్థలం తింటోందని దాన్నే బయటకు తీసేవారున్నారు. ఆ పని చేయకండి. 14కు కట్టిన ప్యాకేజీలు 13 కెర్నల్ మీద నడుస్తాయన్న భరోసా లేదు కాబట్టి, అప్‌గ్రేడ్ తర్వాత మీ పాత ఎన్విరాన్‌మెంట్ పేరుకే మిగులుతుంది. /వార్/డీబీ లోని ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్, ఈటీసీఅప్‌డేట్ అనే డైరెక్టరీలు కూడా ఆ సిస్టమ్ ఏ స్థితిలో ఉందో గుర్తుపెట్టుకునేవే కాబట్టి అవీ లోపలే ఉండాలి. /ఈటీసీ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

లాగ్‌లు వెనక్కి వెళ్లకూడదు. కొత్త ఎన్విరాన్‌మెంట్ ఎందుకు నిలబడలేదో తెలుసుకోవాలంటే పాతదాంట్లో కూర్చుని కొత్తదాని లాగ్ చదవగలగాలి. రెండు ఎన్విరాన్‌మెంట్ల వరుసలూ ఒకే ఫైలులో కలిసినా, ప్రతి బూట్ మొదట్లో కెర్నల్ తన వెర్షన్‌ను రాస్తుంది కాబట్టి ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం కాదు. /వార్/క్రాష్ ఉమ్మడిగా ఉండటంలోని ప్రయోజనం ఇంకా స్పష్టం. కొత్త కెర్నల్ పానిక్ అయినప్పుడు, అంటే కోలుకోలేని లోపంతో ఆగిపోయినప్పుడు, మెమరీ నకలు డంప్ డివైస్‌లో పడుతుంది, సాధారణంగా అది స్వాప్ విభాగమే. తర్వాత మీరు బూట్ చేసేది పాత ఎన్విరాన్‌మెంట్ అయినా, బూట్ సమయంలో నడిచే సేవ్‌కోర్ దాన్ని తీసి /వార్/క్రాష్‌లో పెడుతుంది. దాన్ని విశ్లేషించడానికి పడిపోయిన కెర్నల్ కావాలి గనుక, బీఈసీటీఎల్ మౌంట్‌తో కొత్త ఎన్విరాన్‌మెంట్‌ను ఒక పక్కన మౌంట్ చేసి అందులోని కెర్నల్‌ను డీబగ్గర్‌కు చూపించండి.

మెయిల్ పెట్టెలున్న /వార్/మెయిల్‌ను ఇన్‌స్టాలర్ బయట పెడుతుంది గానీ, పంపవలసిన ఉత్తరాల వరుస ఉండే /వార్/స్పూల్‌ను పెట్టదు. ఇది చాలామంది దృష్టికి రాని చోటు. మీరు క్లోన్ తీసిన క్షణంలో వరుసలో పది ఉత్తరాలు ఉన్నాయనుకోండి. అవి ఆ తర్వాత నడుస్తున్న ఎన్విరాన్‌మెంట్ నుంచి వెళ్లిపోయాయి. కొన్నాళ్లకు మీరు పాత క్లోన్‌లోకి బూట్ చేస్తే, అక్కడి వరుసలో ఆ పదీ ఇంకా వెళ్లనట్టే ఉంటాయి. మెయిల్ సర్వర్ లేచీ లేవగానే వాటిని మళ్లీ పంపడానికి పూనుకుంటుంది. అదే సమయంలో, కొత్తదాంట్లో నిజంగా వెళ్లకుండా ఆగినవి అక్కడే చిక్కుకుపోతాయి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్‌ను నడిపే యంత్రంలోనూ, 2023లో 14.0 నుంచి సెండ్‌మెయిల్ స్థానంలోకి వచ్చిన డీఎంఏ అనే మెయిల్ ప్రోగ్రాము ఉన్న యంత్రంలోనూ ఇది నిజమే. కాబట్టి /వార్/స్పూల్‌ను బయటకు తీయాలన్నది నా గట్టి అభిప్రాయం.

నిర్ణీత వేళల్లో ఏ ప్రోగ్రాము నడవాలో చెప్పే, /వార్/క్రాన్ లోని క్రాన్ పట్టికల విషయంలో వాదన రెండు వైపులా ఉంది. అవి పిలిచేది ఆ ఎన్విరాన్‌మెంట్‌లోని ప్రోగ్రాములనే గనుక నేను లోపలే ఉంచమంటాను. దింపుకున్న ప్యాకేజీ ఫైళ్లుండే /వార్/కాష్/పీకేజీని ఎటు ఉంచినా హాని లేదు. బయట ఉంచితే ప్రతి క్లోన్ వెనుకా ఆ బరువు వేలాడదు.

డేటాబేస్‌కు మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. డేటా వెనక్కి వెళ్లకూడదు, కానీ దాని రూపం ప్రోగ్రాము వెర్షన్‌తో ముడిపడి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఒక మేజర్ వెర్షన్ తయారుచేసిన డేటా డైరెక్టరీని మరో మేజర్ వెర్షన్‌తో తెరవడానికి నిరాకరిస్తుంది. అదృష్టవశాత్తూ ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీ డేటాను /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్ కింద డేటా16 వంటి వెర్షన్ పేరున్న డైరెక్టరీలో పెడుతుంది. కాబట్టి ఉమ్మడి డేటాసెట్‌లో డేటా16, డేటా17 పక్కపక్కనే ఉండగలవు, ప్రతి ఎన్విరాన్‌మెంట్ తనకు తెలిసినదాన్ని తెరుస్తుంది. అయితే 17కు మారిన తర్వాత చేరిన నమోదులు డేటా16లో ఉండవు. పాత డేటాను కొత్త వెర్షన్‌కు మార్చే పీజీఅప్‌గ్రేడ్‌ను లింక్ పద్ధతిలో (ఫైళ్లను కాపీ చేయకుండా రెండు డైరెక్టరీలకూ పంచే పద్ధతిలో) నడిపి, ఆ తర్వాత కొత్త సర్వర్‌ను ఒక్కసారి లేపినా పాత డైరెక్టరీని ఇక వాడకూడదు. వెనుదారి ఉంచుకోదలచినవారు కాపీ పద్ధతినే ఎంచుకోవాలి. మైఎస్‌క్యూఎల్ 8 సర్వర్ అయితే పాత వెర్షన్ డేటా డైరెక్టరీని ఉన్నచోటనే మార్చుకుంటుంది, తిరిగి దిగే దారి ఉండదు. దాని అప్‌గ్రేడ్‌కు ముందు స్నాప్‌షాట్ (డేటాసెట్ ఆ క్షణంలో ఉన్న స్థితికి నకలు) లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

తరలించే క్రమం

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మిగతా డైరెక్టరీలకూ ఇదే క్రమం వర్తిస్తుంది.

మొదట సర్వీసును ఆపండి. ఆపిన తర్వాతే భద్రత కోసం ఒక ఎన్విరాన్‌మెంట్ తీయండి, అప్పుడు అందులోని డేటా నకలు కూడా శుభ్రంగా మూసిన స్థితిలో ఉంటుంది:

సర్వీస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్టాప్
బీఈసీటీఎల్ క్రియేట్ తరలింపు-ముందు

తర్వాత ఉన్న డైరెక్టరీని పక్కకు జరపండి:

ఎంవీ /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్ /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్.పాత

ఇప్పుడు మధ్య మెట్టుగా /వార్/డీబీకి ఒక డేటాసెట్ సృష్టించాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదవండి. మౌంట్‌పాయింట్ తల్లి డేటాసెట్ నుంచి వారసత్వంగా వస్తుంది, కాన్‌మౌంట్ మాత్రం రాదు. జెడ్‌రూట్/వార్ ఆఫ్‌లో ఉంది కదా అని కొత్తదానికి చెప్పకుండా వదిలేస్తే, అది ఆన్‌గా పుట్టి, వెంటనే /వార్/డీబీ మీద ఖాళీగా మౌంట్ అవుతుంది. దాని కింద ప్యాకేజీల డేటాబేస్ కప్పబడిపోయి, యంత్రంలో ఒక్క ప్యాకేజీ కూడా లేనట్టు కనిపిస్తుంది. కాబట్టి ఆదేశం ఇలా ఉండాలి:

జెడ్‌ఎఫ్‌ఎస్ క్రియేట్ -ఓ కాన్‌మౌంట్=ఆఫ్ జెడ్‌రూట్/వార్/డీబీ

ఒకవేళ ఆప్షన్ లేకుండా ఇచ్చేసినా కంగారు పడనక్కరలేదు. ఆ డేటాసెట్‌ను అన్‌మౌంట్ చేసి, కాన్‌మౌంట్‌ను ఆఫ్ చేస్తే కింద ఉన్నది ఉన్నట్టే బయటపడుతుంది. ఆ స్థితిలో ప్యాకేజీలు ఎక్కించడం, తీసివేయడం మాత్రం చేయవద్దు.

ఇక అసలు డేటాసెట్:

జెడ్‌ఎఫ్‌ఎస్ క్రియేట్ -ఓ రికార్డ్‌సైజ్=16కే -ఓ ఎగ్జెక్=ఆఫ్ -ఓ సెట్‌యూఐడీ=ఆఫ్ జెడ్‌రూట్/వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్

రికార్డ్‌సైజ్ మామూలుగా 128 కేబీ ఉంటుంది, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేజీ 8 కేబీ. 8కే కూడా పెట్టవచ్చు గానీ కుదింపు వల్ల కలిగే లాభం దక్కాలంటే 16కే మేలని నా ఉద్దేశం. ఏది పెట్టినా డేటా కాపీ చేయడానికి ముందే పెట్టాలి, ఎందుకంటే అప్పటికే రాసి ఉన్న ఫైళ్లకు ఈ మార్పు వర్తించదు.

కాపీకి టార్ వాడండి. సీపీ కమాండ్ హార్డ్ లింకులను విడివిడి ఫైళ్లుగా మార్చేస్తుంది, టార్ వాటిని నిలుపుతుంది:

టార్ -సీఎఫ్ - -సీ /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్.పాత . | టార్ -ఎక్స్‌పీఎఫ్ - -సీ /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్

ఇందులో సీఎఫ్, ఎక్స్‌పీఎఫ్ చిన్న అక్షరాలు, విడిగా ఉన్న సీ పెద్ద అక్షరం. కాపీ అయ్యాక డైరెక్టరీ యజమాని పోస్ట్‌గ్రెస్ అనే యూజరేనా, డేటా డైరెక్టరీ అనుమతులు 0700 గానీ 0750 గానీ ఉన్నాయా అని ఎల్‌ఎస్‌తో చూసుకోండి. ఇంతకంటే వదులుగా ఉంటే సర్వర్ లేవదు. తర్వాత సర్వీసును మొదలుపెట్టి, ఒకటి రెండు పట్టికలు చదివి చూడండి. పాత డైరెక్టరీని ఇప్పుడే తీసివేయవద్దు.

/వార్/స్పూల్‌ను తరలించేటప్పుడు ఒక అదనపు మెట్టు ఉంది. పోస్ట్‌ఫిక్స్ వరుసలోని ఫైళ్ల పేర్లు వాటి ఐనోడ్ సంఖ్యలతో (ఫైల్ సిస్టమ్ ప్రతి ఫైలుకూ ఇచ్చే సంఖ్యలతో) ముడిపడి ఉంటాయి, కాపీ చేస్తే ఆ సంఖ్యలు మారిపోతాయి. మెయిల్‌క్యూ ఆదేశంతో వరుస ఖాళీ అయిందని చూసుకుని, అప్పుడు సర్వర్‌ను ఆపి తరలిస్తే ఆ చిక్కే ఉండదు.

భద్రత కోసం తీసిన ఎన్విరాన్‌మెంట్ గురించి

చాలామంది ఇక్కడ పొరబడతారు. తరలింపు-ముందు అనే ఎన్విరాన్‌మెంట్‌లోకి బూట్ చేస్తే తరలింపునకు ముందున్న స్థితి వస్తుందని అనుకోవడం సహజం. కానీ కొత్త డేటాసెట్ పూల్‌లో ఉంది, కాన్‌మౌంట్ ఆన్‌లో ఉంది. ఏ ఎన్విరాన్‌మెంట్ బూట్ అయినా అది /వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్ మీద మౌంట్ అవుతుంది, అక్కడున్న పాత నకలు దాని కింద కప్పబడుతుంది. నిజంగానే పాత స్థితి కావలసి వస్తే, రీబూట్‌కు ముందు ఆ డేటాసెట్ కాన్‌మౌంట్‌ను నోఆటో చేయాలి.

ఇదే లక్షణం వల్ల మౌంట్‌పాయింట్‌ను లెగసీగా పెట్టి, మౌంట్ చేయవలసినవాటి జాబితా అయిన ఎఫ్‌స్టాబ్‌లో వరుస రాయడం కంటే డేటాసెట్ ప్రాపర్టీగా ఉంచడమే మంచిది. ఎఫ్‌స్టాబ్ /ఈటీసీలో ఉంటుంది, /ఈటీసీ ప్రతి ఎన్విరాన్‌మెంట్‌కూ సొంతం. ఒకదాంట్లో వరుస చేర్చి, మరోదాంట్లో మరచిపోతే, రెండోది ఖాళీ డైరెక్టరీతో గానీ పాత నకలుతో గానీ లేస్తుంది. ప్రాపర్టీ పూల్‌లోనే ఉంటుంది కాబట్టి అందరికీ ఒకేలా వర్తిస్తుంది.

యూజర్ల జాబితా కూడా /ఈటీసీలోనిదే. ఉమ్మడి డేటాసెట్‌లో ఫైలు యజమాని పేరుతో కాక సంఖ్యతో నమోదై ఉంటుంది. పోర్టుల నుంచి వచ్చే సర్వీసు యూజర్లకు స్థిరమైన సంఖ్యలుంటాయి, ఉదాహరణకు పోస్ట్‌గ్రెస్‌కు 770. వాటితో ఇబ్బంది రాదు. క్లోన్ తీసిన తర్వాత మీరు సొంతంగా చేర్చిన యూజర్ మాత్రం పాత ఎన్విరాన్‌మెంట్‌లో ఉండడు. అక్కడ మరో యూజర్‌ను సృష్టిస్తే అదే సంఖ్య అతనికి దక్కి, మొదటివారి హోమ్ డైరెక్టరీ అతని పేరున కనబడే ప్రమాదం ఉంది. ఎక్కువమంది వాడే యంత్రమైతే కొత్త యూజర్లకు సంఖ్యను మీరే ఇచ్చి, ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

పరీక్షించండి

ఉమ్మడి డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు, /వార్/డీబీలో నేరుగా మరో చిన్న ఫైలు సృష్టించండి. తర్వాత ఒకే ఒక్క బూట్‌కు భద్రతా ఎన్విరాన్‌మెంట్‌ను ఎంచుకోండి:

బీఈసీటీఎల్ యాక్టివేట్ -టీ తరలింపు-ముందు

టీ ఆప్షన్ ఇచ్చారు గనుక ఆ తర్వాతి బూట్‌లో యంత్రం తనంతట తానే ఇప్పటి ఎన్విరాన్‌మెంట్‌కు తిరిగి వస్తుంది. దూరాన డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌కు ఇది ప్రాణాధారం. రీబూట్ అయ్యాక మొదటి ఫైలు కనబడాలి, రెండోది కనబడకూడదు. పీకేజీ ఇన్ఫో ఇచ్చే జాబితా పూర్తిగా ఉండాలి, డేటాబేస్ లేవాలి. ఈ నాలుగూ సరిగా ఉంటే హద్దు మీరు అనుకున్న చోటే ఉందన్నమాట.

ఇకపై ప్రతి అప్‌గ్రేడ్‌కు ముందు

బయటకు తీసిన డేటాకు బూట్ ఎన్విరాన్‌మెంట్ రక్షణ ఇక ఉండదు. ఎన్విరాన్‌మెంట్ తీసినప్పుడల్లా ఉమ్మడి కొమ్మలకు విడిగా స్నాప్‌షాట్ తీయడం అలవాటు చేసుకోండి:

జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్ -ఆర్ జెడ్‌రూట్/వార్@అప్‌గ్రేడ్-ముందు

ఆర్ ఆప్షన్‌తో తీసిన స్నాప్‌షాట్‌లు అన్నీ ఒకే క్షణానివి కాబట్టి డేటాబేస్ దృష్టిలో అది కరెంటు పోయి వచ్చిన స్థితితో సమానం, దాని నుంచి అది కోలుకోగలదు. రోల్‌బ్యాక్ ఆ తర్వాత చేరిన సమస్తాన్నీ తుడిచేస్తుంది కనుక దాన్ని చివరి మార్గంగానే చూడండి. కావలసినదాన్ని స్నాప్‌షాట్ లోంచి క్లోన్ తీసి, పోల్చి, ఏరుకోవడం మేలు.

జైళ్లు (ఒకే కెర్నల్ మీద విడివిడిగా నడిచే ఫ్రీబీఎస్‌డీ వ్యవస్థలు) ఉమ్మడి డేటాసెట్లలో ఉన్నట్లయితే, ఆతిథేయ సిస్టమ్ కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో స్థిరపడిందని నమ్మకం కుదిరాకే వాటిని అప్‌గ్రేడ్ చేయాలి, ఎందుకంటే కెర్నల్ కంటే కొత్తదైన యూజర్‌ల్యాండ్ (కెర్నల్ కాక మిగతా సిస్టమ్ ప్రోగ్రాములు) ఉన్న జైలు పాత కెర్నల్ మీద సరిగా నడవకపోవచ్చు. జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ ఆదేశం విషయంలో ఇంకా ఓపిక పట్టండి. అన్నిటికంటే పెద్ద ఉమ్మడి వస్తువు పూలే. దానికి కొత్త ఫీచర్లు చేర్చితే పాత కెర్నల్ గానీ, పాత బూట్ లోడర్ గానీ దాన్ని చదవలేకపోవచ్చు, అప్పుడు మీ పాత ఎన్విరాన్‌మెంట్లన్నీ ఒక్కసారే పనికిరాకుండా పోతాయి.

పాత నకళ్లను తొలగించడం

కొన్నాళ్లు నిలకడగా నడిచాక పోస్ట్‌గ్రెస్.పాత డైరెక్టరీని తీసివేయండి. అయినా పూల్‌లో ఖాళీ పెరగకపోతే, ఆ బ్లాకులను భద్రతా ఎన్విరాన్‌మెంట్, దాని మూల స్నాప్‌షాట్ పట్టుకుని ఉన్నాయని గ్రహించండి. బీఈసీటీఎల్ లిస్ట్‌కు -ఏ అనే ఆప్షన్ ఇస్తే ప్రతి ఎన్విరాన్‌మెంట్ ఆధారపడిన స్నాప్‌షాట్ కూడా కనిపిస్తుంది. ఇంకా అవసరమైన ఎన్విరాన్‌మెంట్‌ను ఉంచుకుంటూనే లోపల కప్పబడిన నకలును చూడాలంటే దాన్ని /ఎంఎన్‌టీ మీద మౌంట్ చేయండి. అక్కడ ఉమ్మడి డేటాసెట్లు పైన కప్పవు కాబట్టి /ఎంఎన్‌టీ/వార్/డీబీ/పోస్ట్‌గ్రెస్‌లో పాత ఫైళ్లు నేరుగా కనబడతాయి. ఆ ఎన్విరాన్‌మెంట్ ఇక అక్కరలేదని తేలాక బీఈసీటీఎల్ డిస్ట్రాయ్‌ను -ఓ అనే ఆప్షన్‌తో ఇవ్వండి, మూల స్నాప్‌షాట్ కూడా దానితో పాటే పోయి స్థలం విడుదలవుతుంది.